బదులు కోరని సలాము

ఇంటికి వచ్చినవారిని ఆదరించే విషయంలో మన రెండు సంప్రదాయాలకూ భేదం లేదు. తెలుగువారి ఇంట కాళ్లకు నీళ్లిచ్చి, కూర్చోబెట్టి, ఆ తరువాతనే వచ్చిన పని అడిగేవారు. ముస్లిముల ఇంట పలకరింపు సలాముతో మొదలవుతుంది. సలాము చెప్పడం సున్నత్ అనీ, దానికి బదులు చెప్పడం వాజిబ్ అనీ పెద్దలు మనకు చిన్ననాడే నేర్పుతారు. అనగా పలకరింపు ఒక్కరి సొత్తు కాదు. ఇద్దరు కలిస్తేనే అది పూర్తి అవుతుంది. ఈ చిన్న సత్యాన్ని మన కాలపు సేవాసంస్థలు విస్మరిస్తున్నాయని మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేడు ఏ సేవకు చందా కట్టినా, రుసుము చెల్లించిన మరునిమిషంలోనే ఈ-మెయిలులో ఒక స్వాగతలేఖ వస్తుంది. దానిని అప్పటికప్పుడు ఎవరూ కూర్చుని వ్రాయరు. ఎవరో ఒకసారి వ్రాసి ఉంచిన వాక్యాలలో పేరు ఉండవలసిన చోట ఖాళీ ఉంటుంది. కొత్త చందాదారు చేరగానే కంప్యూటరు ఆ ఖాళీని పూరించి పంపుతుంది. ఒకే మాటను అనేకులకు పంపాలనే కోరిక కొత్తది కాదు. 1971లో రే టామ్లిన్సన్ ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరుకు తొలి లేఖను పంపగా, 1978 నాటికే అమెరికాలో ఒక కంప్యూటరు సంస్థ ఉద్యోగి ఒకే ప్రకటనను దాదాపు 400 మందికి పంపి పలువురి ఆగ్రహానికి గురి అయ్యాడు.

యంత్రాన్ని నిందించడం నా అభిమతం కాదు. దినానికి వందమంది చేరే సంస్థలో అందరికీ చేతితో ఉత్తరాలు వ్రాయడం అసాధ్యం. సొమ్ము కట్టినవానికి వెంటనే కలిగే సందేహం 'నా డబ్బు చేరిందా, లేదా?' అన్నదే. దానిని తక్షణమే తీర్చడానికి యంత్రాన్ని మించినది లేదు. దోషం యంత్రానిది కాదు. దాని చేత మాట్లాడించి తాము చాటుకు తప్పుకునే మనుషులది.

మా తండ్రిగారు విశ్రాంత ఉపాధ్యాయులు. ఇంటికే వచ్చి రక్తపరీక్షలు చేసే ఒక సేవకు ఆయన పేరిట సంవత్సర చందా కట్టాను. "మా కుటుంబంలోకి సుస్వాగతం" అంటూ లేఖ వచ్చింది. ఏ సందేహం కలిగినా తాము అండగా ఉన్నామని చివర వ్రాశారు. ఉత్తరానికి జవాబివ్వడం మర్యాద అని నమ్మిన తరం ఆయనది. అరగంట శ్రమించి కృతజ్ఞతలు తెలిపి, పరగడుపున రక్తం తీసే రోజున మధుమేహపు మాత్ర వేసుకోవాలా, వద్దా అని అడిగారు. మరుక్షణమే ఆ ఉత్తరం తిరిగి వచ్చింది. ఆ చిరునామాకు వచ్చే లేఖలను ఎవరూ చదవరట! "జవాబు అక్కరలేనివాడు ఉత్తరమెందుకు వ్రాశాడురా?" అని ఆయన నన్ను అడిగారు. తెలుగు పాఠాలు చెప్పే నాకు సమాధానం తోచలేదు. మర్నాడు ఉదయం అలవాటు చొప్పున మాత్ర వేసుకుని, పరీక్షకు మనిషి వచ్చేలోగా కళ్లు తిరిగి కూలబడ్డారు. చక్కెర నీళ్లు తాగించిన మీదట తేరుకున్నారు. అతిథిని పిలిచి తలుపు గడియ వేసుకునే స్వాగతం ఎంత పని చేస్తుందో నాకు ఆనాడు తెలిసింది.

ఇటీవల మా పూర్వ విద్యార్థి ఒకరు నీటిశుద్ధి యంత్రాల మరమ్మతు సేవను ప్రారంభించి, చందాదారులకు తెలుగు, ఉర్దూ భాషలలో స్వాగతలేఖ వ్రాసి ఇమ్మని కోరారు. నేను ఉత్సాహంతో సమాసాలు కూర్చి ఒక పుట నింపాను. అతని తల్లిగారు దానిని ఓపికగా విని, "ఇంతకీ మనిషి ఎప్పుడొస్తాడు బాబూ?" అన్నారు. ఆ ఒక్క ప్రశ్న నా పాండిత్యాన్ని తుడిచివేసింది. రెండవసారి వ్రాసినది ఎనిమిది వాక్యాలు మాత్రమే. సొమ్ము చేరింది, ఫలానా వారంలో మనిషి వస్తాడు, అతని పేరు ఇది, ఇబ్బంది కలిగితే ఈ నంబరుకు ఫోను చేయండి, వద్దనుకుంటే ఇలా మానుకోండి, ఈ ఉత్తరానికి జవాబు వ్రాస్తే నేనే చదువుతాను. చివర సంస్థ పేరు కాక యజమాని పేరు.

పేరు విషయంలో మరొక చిక్కు వచ్చింది. యంత్రం మొదటి మాటనే పేరుగా గ్రహిస్తుంది. అందువల్ల మనలో సగంమంది 'ప్రియమైన షేక్', 'ప్రియమైన సయ్యద్' అయిపోతారు. ఇంటిపేరును పొడి అక్షరంగా ముందు వ్రాసుకునే తెలుగువాడు 'ప్రియమైన కె.' అవుతాడు. పేరు తప్పి పలికే ఆదరం కంటే పేరు లేని నమస్కారం మేలు. చేరే పత్రంలోనే "మిమ్ములను ఏమని పిలవమంటారు?" అని ఒక ప్రశ్న చేర్చితే ఈ చిక్కు విడిపోతుంది.

ఇది కేవలం మర్యాదకు సంబంధించిన విషయం కాదు. చందా మానుకునే వీలు ఒక్క నొక్కుతో ఉండాలని పెద్దసంఖ్యలో ప్రచార లేఖలు పంపేవారికి జీమెయిల్ 2024లో నియమం విధించింది. మన పార్లమెంటు 2023లో ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమాచారం కోరే నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకునే వీలు కల్పించాలని నిర్దేశించింది. తెలుగు, ఉర్దూ రెండూ అందులో ఉన్నవే. సమ్మతి ఇచ్చినంత సులభంగా దానిని ఉపసంహరించుకునే హక్కు కూడా అందులో ఉన్నది.

ఉర్దూ చదివే విద్యార్థులకు మీర్జా గాలిబ్ లేఖలు పరిచితమే. పొడుగాటి బిరుదు సంబోధనలను పక్కనబెట్టి, ఉత్తరాన్ని ఎదుట కూర్చున్నవానితో జరిపే సంభాషణగా మార్చినవాడాయన. 1868, 1869లలో వెలువడిన ఆ లేఖా సంపుటాలు నేటికీ సజీవంగా ఉండడానికి కారణం, ప్రతి లేఖ వెనుక జవాబు కోసం ఎదురుచూసే ఒక మనిషి ఉండడమే.

రేపు మీలో కొందరు సేవాసంస్థలను స్థాపిస్తారు. మరికొందరు వాటిలో ఇటువంటి లేఖలు వ్రాసే ఉద్యోగాలలో చేరుతారు. మీరు ఒకసారి వ్రాసినది వేలమంది ఇళ్లకు వెళుతుంది. యంత్రం చేత సలాము పంపండి, తప్పులేదు. కాని అవతలివారు బదులు పలికినప్పుడు వినడానికి ఇంట్లో ఒక మనిషిని ఉంచండి.