ఫైలు కూడా అమానతే

ఇంట్లో కొత్త కంప్యూటర్ పెట్టుకున్నవాళ్లు తరచూ అడిగే మాట ఒకటుంది. "భాయ్, ఫైళ్లు పంపడానికి ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోమంటావ్?" వాళ్లకు కావాల్సింది ఒక్క పేరు. షర్తులు రెండే: తేజ్‌గా పోవాలి, ముఫ్త్‌గా దొరకాలి. నన్నడిగితే ఈ రెండూ ఆఖర్న చూడాల్సినవి. మొదట చూడాల్సింది వేరే ఉంది. ఈ ఫైలు నా చేతి నుంచి అవతలివాళ్ల చేతికి చేరేలోపు మధ్యలో ఎవరి చేతుల మీదుగా పోతుంది?

మన ఇళ్లలో ఉండే ఫైళ్లు ఏమిటో ఒకసారి గుర్తు చేసుకోండి. చెల్లెలి నికాహ్ వీడియో, ఇంటి ఆడవాళ్ల ఫోటోలు, పాస్‌పోర్టులు, జెద్దాలో పనిచేసే తమ్ముడి ఇఖామా కాపీ, ఇంటి రిజిస్ట్రీ, అమ్మీజాన్ ఆస్పత్రి రిపోర్టులు. దస్తావేజు అనే మాట ఫార్సీ నుంచి వచ్చి తెలుగులో స్థిరపడిపోయింది. ఆ దస్తావేజు కాగితం మీద ఉంటే బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి కూడా దాచిపెడతాం. అదే స్కాన్ అయి ఫైలుగా మారితే మాత్రం ముక్కూమొహం తెలియని యాప్ చేతిలో పెట్టేస్తాం. ఇదేం ఇన్సాఫ్?

"మా ఫోటోలు ఎవరికి కావాలి భాయ్" అంటారు కొందరు. ఫోటోలు అక్కర్లేకపోవచ్చు. ఆధార్ కాపీ, సంతకం, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ కావాల్సినవాళ్లు మాత్రం చాలామంది ఉన్నారు. ఇంకో ముఖ్యమైన మాట. నికాహ్ వీడియోలో మీరొక్కరే ఉండరు. ఆ మహఫిల్‌కు వచ్చిన ఖాలాలు, ఫూఫీలు, పక్కింటి ఆడపిల్లలు అందరూ ఉంటారు. వాళ్లు మీ ఇంటి మీద భరోసాతో కెమెరా ముందు కూర్చున్నారు. కనుక ఆ ఫైలు మీ సొంత మాల్ కాదు, మీ దగ్గరున్న అమానత్. దాని మీద బేఫికర్‌గా ఉండే హక్ మీకు లేదు.

యాప్‌ల సంగతికొస్తే గవాహీ కోసం దూరం పోనక్కర్లేదు. ఒకప్పుడు ప్రతి ఫోన్‌లో కనిపించిన షేరిట్, ఈఎస్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్ రెండూ 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌ల జాబితాలో ఉన్నాయి. ఆ ఫైస్లాలో సియాసత్ ఎంత, హిఫాజత్ ఎంత అన్న బహస్ పక్కన పెడదాం. 2021 ఫిబ్రవరిలో ట్రెండ్ మైక్రో పరిశోధకులు షేరిట్ ఆండ్రాయిడ్ యాప్‌లో యూజర్ల డేటా బయటికి పోయే లోపాలున్నాయని చెప్పారు. అది బహస్ కాదు, హకీకత్. అలాంటి యాప్‌ను ఇప్పటికీ ఎక్కడో దొరికిన ఏపీకే ఫైలు నుంచి వేసుకోవడం, తాళం చెడిందని తెలిసీ అదే తాళం వేసుకోవడం లాంటిది.

అలాగని పైసలు పెడితే భరోసా దొరుకుతుందనీ కాదు. పెద్ద సంస్థలు డబ్బు కట్టి వాడే మూవిట్ అనే ఫైల్ ట్రాన్స్‌ఫర్ సాఫ్ట్‌వేర్‌లో 2023లో ఒక రంధ్రం దొరికింది. క్లాప్ అనే ముఠా అందులోంచి దూరి ఎన్నో సంస్థల డేటా ఎత్తుకుపోయింది. బీబీసీ ఉద్యోగుల వివరాలూ అందులో ఉన్నాయి. ఖీమత్ చూసి నమ్మడం, ముఫ్త్ చూసి మోజుపడటం రెండూ ఒకే రకం గల్తీ.

మరి ఏది ఎంచుకోవాలి? జరూరత్‌ను బట్టి మూడు దారులు.

ఒకటి, ఒకే ఇంట్లో ఫోన్ నుంచి కంప్యూటర్‌కు. దీనికి ఇంటర్నెట్టే అక్కర్లేదు. డేటా కేబుల్ ఇప్పటికీ అన్నిటికన్నా సాదా, పక్కా దారి. కేబుల్ వద్దంటే లోకల్‌సెండ్ వేసుకోండి. విండోస్, మ్యాక్, లినక్స్, ఆండ్రాయిడ్, ఐఫోన్ అన్నిటిలో నడుస్తుంది. ఫైలు మీ ఇంటి వైఫైలోనే తిరుగుతుంది, ఏ కంపెనీ సర్వర్‌కూ ఎక్కదు. ఖాతా అడగదు, ఫోన్ నంబర్ అడగదు, ప్రకటనలు చూపదు. దాని కోడ్ ఎవరైనా తెరిచి చదవొచ్చు. నా మషవరా ఇదే.

రెండు, వేరే ఊరికి, వేరే ముల్క్‌కు. చిన్న ఫైళ్లకు వాట్సాప్ చాలు. దారిలో సందూక్‌కు తాళం ఉంటుంది. ఫోటోను ఫోటోగా పంపితే నాణ్యత తగ్గుతుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపండి, 2 జీబీ వరకు పోతుంది. దస్తావేజుల్ని క్లౌడ్‌లో పెట్టి లింక్ పంపాల్సి వస్తే ముందు సెవెన్‌జిప్‌తో పాస్‌వర్డ్ పెట్టి మూట కట్టండి. ఆ పాస్‌వర్డ్‌ను లింక్‌తో పాటు రాయకండి, ఫోన్ చేసి నోటితో చెప్పండి. ఖత్‌కు తాళంచెవి కట్టి పంపితే తాళం దేనికి?

మూడు, సొంత వెబ్‌సైట్ ఉన్నవాళ్లకు. ఇక్కడ ఎఫ్‌టీపీ పేరు వినిపిస్తుంది. దాని మొదటి ముసాయిదాను 1971లో రాసింది మనవాడే. అలహాబాద్‌లో పుట్టి, ఐఐటీ కాన్పూర్‌లో చదివి, ఎంఐటీ చేరిన అభయ్ భూషణ్. ఆ రోజుల్లో నెట్‌వర్క్ అంటే ఒకరినొకరు ఎరిగినవాళ్ల మొహల్లా. అందుకే మామూలు ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ కూడా తెరిచిన పోస్టుకార్డులా పోతుంది. మొహల్లా బాజార్ అయ్యాక ఆ దారి పనికిరాదు. 2021లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ దాన్ని తీసేశాయి. మీ హోస్టింగ్ వాళ్లను ఎస్‌ఎఫ్‌టీపీ అడగండి. విండోస్‌లో విన్‌ఎస్‌సీపీ మంచిది. ఫైల్‌జిల్లా కూడా మంచిదే, కానీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వేరే సామాను అంటగట్టే ఆఫర్లు రావచ్చు, చదివి నొక్కండి. కరెంటు పోయి ఫైలు సగంలో ఆగితే రెండూ ఆగినచోటి నుంచే మొదలుపెట్టగలవు. మన ఊళ్లలో ఇది చిన్న నేమత్ కాదు.

ఉర్దూలో, తెలుగులో పనిచేసేవాళ్లకు మరో మసలా ఉంది. ఫైలు పేరు ఉర్దూలోనో తెలుగులోనో పెడితే కొన్ని పాత సర్వర్లలో, జిప్ ఫైళ్లలో అది ప్రశ్నార్థకాల వరుసగా మారి అవతల తేలుతుంది. లోపలి సామాను భద్రంగా ఉన్నా పేరు పోతే ఏది ఏదో తెలియదు. పాత ఇన్‌పేజ్ ఫైలు పంపితే అవతలివాళ్ల దగ్గర ఇన్‌పేజ్ లేకుంటే తెరుచుకోనే తెరుచుకోదు. కాబట్టి చదవడానికి పంపేదాన్ని పీడీఎఫ్ చేయండి, మూటకు మాత్రం రోమన్ అక్షరాల్లో పేరు పెట్టండి. మన జుబాన్ పేరు మనం పెట్టుకోలేకపోవడం అఫ్సోస్ కలిగించే మాటే. ఐబు మన అక్షరాలది కాదు, వాటిని లెక్కలోకి తీసుకోకుండా సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లది.

ఎంత మంచి సాఫ్ట్‌వేర్ వేసుకున్నా ఒకచోట అది మనకు సాయపడదు. ప్రింట్ కోసం జిరాక్స్ దుకాణం నంబర్‌కు వాట్సాప్ చేసిన ఆధార్, మనం బయటికొచ్చాక కూడా ఆ కంప్యూటర్‌లోనే ఉంటుంది. దుకాణదారు షరీఫే కావచ్చు. ఆయన తర్వాత ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో ఆయనకూ తెలియదు. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ సరిపోయేచోట అదే ఇవ్వండి. ప్రింట్ చేతికందాక "చాచా, ఆ ఫైలు తీసెయ్యండి" అని అదబ్‌తో అడగండి, తీసేదాకా నిలబడండి. ఇందులో తకల్లుఫ్ ఏమీ లేదు. మన కాగితం మనం అడిగి తీసుకోవడమే.