నడుమునొప్పి సోమరితనము కాదు

కోడలు ప్రొద్దున నడుము పట్టి లేవలేకున్నచో కొందఱు సోమరితనమందురు, దయగలవారు పడుకొమ్మందురు. రెండును తగవు. 45 ఏండ్లలోపున మొదలై, 3 మాసములు మించి, తెల్లవాఱుజామున నిద్రలేపి, పరుండిన హెచ్చి, నడచిన తగ్గు నొప్పి వెన్నెముక వాతము కావచ్చును. వైద్యులు దీనిని ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్ అందురు. దేహరక్షణశక్తియే దారితప్పి వెన్నుకీళ్లను వాచజేయును. ఉపేక్షించినచో కొందఱికి ఎముకలతుకుకొని వెన్ను వంగిపోవును. పురుషుల రోగమని తలచుటచే స్త్రీలయందు దీనిని ఆలస్యముగా గుర్తించుచున్నారు. కన్ను ఎఱ్ఱబడి నొచ్చినచో నాడే వైద్యునకు చూపవలెను. మా తడవారికి చెన్నపట్టణము చేరువ; తిరుపతిలో స్విమ్స్ వైద్యాలయము కలదు. వాపు తగ్గించు మందులను వైద్యుని యాజ్ఞపైననే వాడవలెను. మందుతోపాటు దినదినము నడకయు, వెన్ను చాచు వ్యాయామమును వలయును. మేము కోరునదొక్కటే: ఆమెను నిందింపకుడు, మంచమునకు అంటగట్టకుడు, వైద్యునికడకు గొనిపొండు.