మెసోథీలియోమా రోగుల శస్త్రచికిత్స, సంబంధిత చికిత్సల విషయమై వినతిపత్రం

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖల మంత్రివర్యులకు,



పులివెందుల రాతినార (ఆస్బెస్టాస్) గనుల్లోనూ, హైదరాబాద్ సనత్‌నగర్‌లో సిమెంటు రేకుల తయారీలోనూ పనిచేసిన కార్మికుల తరఫున ఈ వినతి. ఊపిరితిత్తుల పొరలోనో కడుపు పొరలోనో వచ్చే క్యాన్సర్ అయిన మెసోథీలియోమా, ఆస్బెస్టాస్ దుమ్ము పీల్చిన ఇరవై నుంచి నలభై ఏళ్లకు గాని బయటపడదు. అప్పటికి కార్మికుడు పని మానేసి ఉంటాడు. ఛాతీలో నీరు చేరితే మన దగ్గర ముందు టీబీనే అనుమానిస్తారు. ఆ మందులతోనే నెలలు గడిస్తే, ఆపరేషన్ చేయాలా వద్దా అని ఆలోచించే వ్యవధి కూడా మిగలదు.

పెద్ద ఆపరేషన్లకు నిధులు పెంచమని మేం అడగడం లేదు. ఆధారాలు అందుకు ఒప్పుకోవు. ఊపిరితిత్తిని, దాని పొరను, విభాజక పటలాన్ని కలిపి తీసేసే శస్త్రచికిత్స మేలు చేయకపోగా కీడు చేయవచ్చని బ్రిటన్‌లోని మార్స్ పరిశోధన 2011లో సూచించింది. ఊపిరితిత్తిని ఉంచి పొరను ఒలిచే పద్ధతి మీద పెట్టుకున్న ఆశ కూడా 2024లో వెలువడిన మార్స్-2 ఫలితాలతో సడలింది. మొత్తం 335 మంది రోగుల్లో, కీమోథెరపీతో పాటు ఆపరేషన్‌కు కేటాయించిన వర్గంలో మధ్యస్థ ఆయుర్దాయం 19.3 నెలలు, కీమోథెరపీ మాత్రమే పొందిన వర్గంలో 24.8 నెలలు. తీవ్రమైన దుష్ఫలితాలూ ఆపరేషన్ వర్గంలోనే ఎక్కువ.

పేరున్న సర్జన్ల చేతిలో ఎక్కువ కాలం బతికినవారు లేరా అని అడగవచ్చు. ఉన్నారు. అయితే వారు వయసు, సత్తువ, కణితి రకం చూసి ఎంపిక చేసిన రోగులు. కత్తి వల్ల దక్కిన మేలు ఎంతో, రోగి సత్తువ వల్ల దక్కింది ఎంతో తేల్చడానికే చీటీలు తీసినట్టు రెండు వర్గాలుగా పంచి చూడవలసి వచ్చింది. పేదవాడికి ఆపరేషన్ ఎగ్గొట్టడానికి ఈ లెక్కలు సాకవుతాయన్న భయం న్యాయమైనదే. అందుకే కాదనే అధికారం ఏ ఒక్కరికీ ఉండకూడదు. ఛాతీ సర్జన్, క్యాన్సర్ వైద్యుడు, పాథాలజిస్టు కలిసి నిర్ణయించి, కారణాన్ని రోగికి రాసివ్వాలి. కడుపు పొరలో వచ్చే మెసోథీలియోమా సంగతి పూర్తిగా వేరు. కణితులను తొలగించి, వేడి చేసిన కీమో మందును కడుపులో ప్రసరింపజేసే చికిత్సతో తగిన రోగులు ఏళ్ల తరబడి బతుకుతున్నారు. ఛాతీ వ్యాధి లెక్కలు చూపి దాన్ని తోసిపుచ్చవద్దు.

బీమా పథకాలు ముందుగా భరించవలసినవి చిన్న ప్రక్రియలు: కెమెరాతో పొర నుంచి ముక్క తీసి పరీక్షించడం, మళ్లీ నీరు చేరకుండా టాల్క్ పొడి వేయడం, ఇంటి దగ్గరే నీరు తీసుకునేలా గొట్టం అమర్చడం. ఆయాసం తగ్గి మనిషి పడుకోగలిగేది వీటితోనే. నివోలుమాబ్, ఇపిలిముమాబ్ జంట మందులు కీమోథెరపీ కంటే ఆయుష్షు పెంచాయి. వాటి ధర ఎక్కువన్నది నిజమే, కానీ రెండు రాష్ట్రాలూ కలిసి కొంటే బేరమాడే బలం వస్తుంది.

ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులను పనిలో చేరినప్పటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచాలని సుప్రీంకోర్టు 1995లో ఆదేశించింది. ఆ రికార్డులు వైద్యుడి బల్ల మీదికి చేరితే టీబీ మందులతో పోయే నెలలు మిగులుతాయి. కార్మిక శాఖ నుంచి వాటిని తెప్పించి ఆస్పత్రులకు అందించే బాధ్యత మీ శాఖలే తీసుకోవాలని కోరుతున్నాం.

ఇట్లు,
రాతినార కార్మికుల తరఫున