పదును పెట్టడమూ విస్తరణ పాఠమే

యాంత్రీకరణ అనగానే మన చర్చలు ట్రాక్టర్లు, వరికోత యంత్రాలు, డ్రోన్ల చుట్టూనే తిరుగుతాయి. గోరింట, దురంత వంటి కంచె మొక్కలను కత్తిరించే విద్యుత్ హెడ్జ్ ట్రిమ్మర్ ఆ చర్చలోకి రాదు. యంత్రాన్ని తోటమాలి చేతికి అందించడంతో మన బాధ్యత తీరిందని భావిస్తున్నాము. ఈ ధోరణి మారాలి.

ఈ యంత్రంలో పళ్ళున్న రెండు బ్లేడ్లు ఒకదానినొకటి ఆనుకొని కదులుతూ కత్తెరవలె పనిచేస్తాయి. అంచు మొద్దుబారినా, బ్లేడ్ల మధ్య సందు పెరిగినా రెమ్మ తెగదు, నలిగి చీలుతుంది. చీలిన కొనలు ఎండి గోధుమ రంగుకు మారతాయి. గాయం మానడం ఆలస్యమై తెగుళ్ళకు దారి ఏర్పడుతుంది. మోటారుపై భారం పెరిగి అది వేడెక్కుతుంది. లోపం బ్లేడుదైనా, నింద మాత్రం తోటమాలి పనితనంపై పడుతుంది.

నిజానికి నివారణ కష్టమైనది కాదు. ముందుగా ప్లగ్గును లేదా బ్యాటరీని తప్పనిసరిగా తొలగించి, మందపాటి చేతితొడుగులు ధరించాలి. బ్లేడ్లకు అంటిన జిగురును, ఆకుల పసరును శుభ్రం చేయాలి. ప్రతి పంటి వాలు అంచును తయారీలో ఉన్న కోణంలోనే, చదునైన ఆకురాయితో ఒకే దిశలో రుద్దాలి. అన్ని పళ్ళకూ ఇంచుమించు సమానంగా రుద్దాలి. రెండు బ్లేడ్లు ఆనుకునే చదును ముఖాన్ని అరగదీయరాదు. అక్కడ మిగిలిన సన్నని లోహపు పొరను మాత్రం నూరుడు రాయితో సున్నితంగా తీసివేయాలి. చివరగా లోహపు రజను తుడిచి, తేలికపాటి నూనె పూయాలి. ప్రతి వాడకం తరువాత శుభ్రపరచి నూనె రాస్తే పదును పెట్టవలసిన అవసరమే తగ్గుతుంది.

ఇది మెకానిక్ పని కదా అని కొందరు అనవచ్చు. విరిగిన పంటికి, వంగిన బ్లేడుకు ఆ మాట సరిపోతుంది. కానీ మామూలు పదునుకు గ్రైండింగ్ చక్రాన్ని ఆశ్రయిస్తే, ఉక్కు నీలిరంగు తిరిగేంతగా వేడెక్కి గట్టిదనాన్ని కోల్పోయే ప్రమాదం ఉంది. అటువంటి అంచు తిరిగి త్వరగానే మొద్దుబారుతుంది.

కొడవలిని సానపట్టడం ఒకప్పుడు పనిలో భాగంగానే చేతికి అబ్బేది. కొత్త యంత్రంతోపాటు ఆ విద్యను కూడా మనమే అందించాలి. అందుకు మూడు సూచనలు. యంత్రం ఇచ్చేటప్పుడే ఆకురాయిని, నూనె సీసాను, చేతితొడుగులను జతచేయాలి. ప్రదర్శనలలో కత్తిరింపుకు ఇచ్చినంత సమయాన్ని నిర్వహణకూ కేటాయించాలి. గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమానికి వెళ్ళే ముందే ప్రతి విద్యార్థి స్వయంగా ఒక బ్లేడుకు పదును పెట్టి చూపాలి. తాను చేయలేని పనిని రైతుకు, కార్మికునికి బోధించబూనడం విస్తరణ అనిపించుకోదు.