గ్యాసేనండీ!

మన తెలుగునాట ఉదరవ్యాధులన్నిటికీ ఒకటే పేరు: గ్యాసు. ఛాతీలో మంట గ్యాసు, నడుములో పోటు గ్యాసు, గుండెపోటు సైతం ఆసుపత్రి గుమ్మం చేరేదాకా గ్యాసే. ఈ మాట నా నాలుగేళ్ళను మింగింది. కనుక ఇది నిష్పాక్షికమైన రచన కాదని ముందే మనవి చేసుకుంటున్నాను.

బొడ్డుకు కుడిపక్క దిగువన, భోజనమైన గంటకు మెలిపెట్టే నొప్పి. వారాల తరబడి విరేచనాలు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడటం. మొదటి వైద్యుడు నా పొట్ట మీద చెయ్యైనా వేయకుండా "గ్యాసేనండీ, పులుపూ కారమూ తగ్గించండి" అని చీటీ రాశారు. రెండవవారు టెన్షన్ అన్నారు. ఇంట్లో వామునీళ్ళు, ఇంగువ వేసిన మజ్జిగ యథావిధిగా నడిచాయి. ఏ పెళ్ళికి వెళ్ళినా "ఏం తిన్నావురా?" అనేవారు, దొంగతనం చేసినవాణ్ణి నిలదీసినట్టు. ఈలోగా 62 కిలోల మనిషిని 47కు దిగాను.

బరువు తగ్గడం, రక్తహీనత, జ్వరం, గాఢనిద్రలోంచి లేపే విరేచనం ఉంటే ప్రేగులను పరీక్షించాలన్నది వైద్యవిద్యలో పాఠమే. రాత్రిళ్ళు లేవవలసివస్తోందా అని నన్ను ఒక్కరూ అడగలేదు. ఆ ప్రశ్నకు ఖర్చెంత?

చివరకు కొలనోస్కోపీలో, చిన్నప్రేగు పెద్దప్రేగును కలిసేచోట పుళ్ళు బయటపడ్డాయి. అసలు చిక్కు అక్కడ మొదలైంది. 1932లో అమెరికాలో క్రోన్, గింజ్‌బర్గ్, ఆపెన్‌హైమర్ వర్ణించిన క్రోన్స్ వ్యాధి ఎక్కువగా అక్కడే వస్తుంది. ప్రేగుల క్షయ కూడా ఎక్కువగా అక్కడే కాపురం పెడుతుంది. పుళ్ళూ, ప్రేగు ఇరుకవటమూ రెంటిలోనూ ఉంటాయి. బయాప్సీలో క్షయ సూక్ష్మజీవి దొరికితే తగవు తీరుతుంది కానీ చాలాసార్లు అది దొరకదు. క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లు ఇస్తే దాగిన క్షయ విజృంభించవచ్చు. క్షయ అనుకుంటే ఆ నెలలన్నీ క్రోన్స్ ప్రేగును తింటూనే ఉంటుంది. అందుకే సందేహం తీరనప్పుడు మనదేశంలో తరచు ముందు క్షయమందులు వాడి, మళ్ళీ లోపల చూసి, పుండు మానిందో లేదో గమనించి తేలుస్తారు. నాకు మానలేదు.

ఆ వైద్యుడు మొదటిరోజే "ఈ రెంటిలో ఏదో ఇప్పుడు నాకు తెలియదు" అన్నారు. ఆయన మందు ఆర్నెల్లు వృథా అయినా నాకు ఆయన మీద కోపం లేదు. నా కోపమంతా తెలిసినట్టు అర నిమిషంలో చీటీ రాసినవారి మీదే.

"అయితే కడుపునొప్పి అన్నవారందరికీ గొట్టం వేయమంటావా?" అని ఒక వైద్యమిత్రుడు దెబ్బలాడాడు. వద్దు బాబూ. (ఆ పరీక్షకు ముందు తాగించే ఉప్పటి ద్రావణం పగవాడికి కూడా వద్దు.) నాలుగు ప్రశ్నలు అడగండి, త్రాసు మీద నిలబెట్టండి, నెత్తురు చూడండి, చాలు. అప్పటికీ ఏమీ కనిపించకపోతే, పుండు జాడలేని ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ కూడా పేరూ చికిత్సా ఉన్న వ్యాధే. ఆ రోగిని "నీకేమీ లేదు" అని ఇంటికి పంపకండి.