బంతి దగ్గర లేనప్పుడు

మొన్న ఇంటర్ బ్రాంచ్ సెమీస్‌లో మన సీఎస్ఈ వాళ్లం మెకానికల్ చేతిలో 1-0తో ఓడిపోయాం కదా, ఆ గోల్ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. మొత్తం 14 సెకన్లు. వాళ్ల వింగర్ బంతి తీసుకుని లోపలికి వస్తాడు, మన లెఫ్ట్ బ్యాక్ అతని మీదికి వెళ్తాడు. పక్క నుంచి ఇంకొకడు దూసుకెళ్తాడు, బంతి వాడికి పోతుంది. మనవాడు అటు తిరగబోయి జారి పడతాడు. క్రాస్, గోల్. ఎవరో ఆ పడ్డ చోట వీడియో ఆపి, పక్కన బ్రహ్మానందం ఫోటో అతికించి, 'గేటు తెరిచే ఉంది, దయచేయండి' అని రాశారు. సాయంత్రానికల్లా అన్ని గ్రూపుల్లో అదే. స్టిక్కర్ కూడా చేశారు. ఆ స్టిక్కర్ నేనూ ఒకసారి వాడాను.

అసలు విషయం ఏంటంటే, ఆ దూసుకెళ్లినవాడు నేను చూసుకోవాల్సిన మనిషి. నేను లెఫ్ట్ మిడ్‌ఫీల్డ్. వాళ్ల రైట్ బ్యాక్ పైకి వస్తే వాడి వెంట పరిగెత్తాల్సింది నేను. వీడియో మొదలవడానికి ఒక నాలుగు సెకన్ల ముందు వాడు నా పక్క నుంచే వెళ్లాడు. బూట్ల చప్పుడు కూడా వినిపించింది. నేను మాత్రం బంతిని చూస్తూ నిలబడ్డాను. బంతి అప్పుడు గ్రౌండ్ మధ్యలో ఉంది, వీడియో తీసేవాడి ఫోన్ కూడా అటే ఉంది. అందుకే ఆ 14 సెకన్లలో నేను ఎక్కడా కనిపించను. మా లెఫ్ట్ బ్యాక్ ఒక్కడే ఇద్దరికి ఎదురు నిలబడి కనిపిస్తాడు.

వీడియో తీసినవాడిది తప్పు అనట్లేదు. ఎవరైనా బంతి వెనకే తిప్పుతారు ఫోన్. నేనైనా అంతే. కానీ మనం ఎవరిని మెచ్చుకోవాలి, ఎవరిని తిట్టాలి అన్నది కూడా ఆ ఫోన్ ఎటు తిరిగితే అటు అయిపోతోంది. దాని గురించే ఇది రాస్తున్నా.

ముందు ఒక చిన్న లెక్క. ఫుట్‌బాల్ మ్యాచ్ 90 నిమిషాలు. ఔట్లు, ఫౌల్స్, దెబ్బ తగిలి పడుకోవడాలు తీసేస్తే బంతి నిజంగా ఆటలో ఉండేది మామూలుగా 60 నిమిషాల లోపే. దాన్ని 22 మందికి పంచండి. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు కూడా రాదు. అంటే ఎంత గొప్ప ప్లేయర్ అయినా మిగతా 87 నిమిషాలు కాలి దగ్గర బంతి లేకుండానే ఆడతాడు. మెస్సీ మ్యాచ్‌లో ఎక్కువసేపు నడుస్తూనే ఉంటాడు, తల అటూ ఇటూ తిప్పుతూ. నార్వేకి చెందిన గైర్ యోర్డెట్ అనే ప్రొఫెసర్ ఈ తల తిప్పడం మీదే ఏళ్ల తరబడి పరిశోధన చేశాడు. బంతి అందుకునే ముందు ఎవరు ఎన్నిసార్లు చుట్టూ చూశారో వీడియోలు పెట్టుకుని లెక్కపెట్టడం ఆయన పని. ఎక్కువసార్లు చూసినవాళ్ల పాసులు ఎక్కువగా సరిగ్గా వెళ్లాయని తేలింది. టీవీలో మనకు మెస్సీ డ్రిబ్లింగ్ చూపిస్తారు. ఆ నడక చూపించరు. చూపిస్తే మనం చూస్తామా అంటే, నాకూ డౌటే.

నేను ఫుట్‌బాల్ నేర్చుకున్నదే ఫోన్లో. మాది కృష్ణానగర్. మా గల్లీలో రెండు బైకులు ఎదురుపడితేనే ఒకటి వెనక్కి పోవాలి, ఇంక బంతి ఆడేది ఎక్కడ. అందుకని నాకు ఫుట్‌బాల్ అంటే ముందు పీఈఎస్, తర్వాత దాని పేరు మారి వచ్చిన ఈఫుట్‌బాల్, కజిన్ ఇంటికి వెళ్తే ఫిఫా. ఈ గేములన్నిట్లో మన ఆటగాడి తల మీద ఒక గుర్తు ఉంటుంది. పాస్ ఇస్తే ఆ గుర్తు కూడా బంతి అందుకున్నవాడి మీదికి ఎగిరిపోతుంది. అంటే నువ్వు ఎప్పుడూ బంతి ఉన్నవాడివే. బంతి వదిలేసిన మరుక్షణం ఆ పాత మనిషి సంగతి నీకు అక్కర్లేదు, వాడిని కంప్యూటర్ పరిగెత్తిస్తుంది. నేను పాస్ ఇచ్చాక నిలబడిపోతానని కోచ్ సార్ ఎన్నిసార్లు తిట్టారో. ఆ అలవాటు ఎక్కడిదో ఇప్పుడు అర్థమవుతోంది. నా తల మీది గుర్తు వేరేవాడి మీదికి వెళ్లిపోయిందని నా కాళ్లు అనుకుంటున్నాయన్నమాట.

అయితే గేముల్ని మొత్తం తిట్టేస్తే అన్యాయం. స్క్రీన్ కింద చిన్న రాడార్ ఒకటి ఉంటుంది గమనించారా? రెండు రంగుల చుక్కలు, మొత్తం గ్రౌండ్. మన గ్రాఫిక్స్ సబ్జెక్టులో ఫ్రస్టమ్ కల్లింగ్ అని ఉంది కదా: కెమెరా చూపు దాటి ఉన్నదాన్ని గీయకుండా వదిలేయడం. గీయడమే మానేస్తుంది, లెక్క మానదు. తెర మీద లేని లెఫ్ట్ బ్యాక్ కూడా గేమ్ లోపల ఎక్కడో పరిగెడుతూనే ఉంటాడు, ఆ పరుగు రాడార్‌లో చుక్కగా కనిపిస్తుంది. అంటే గేమ్ మొత్తం మ్యాచ్‌ని మన ముందు పెడుతోంది. మనమే చూడట్లేదు. ఇందులో తమాషా ఏంటంటే, ఇదే మనుషులు బీజీఎంఐ ఆడితే కన్ను మ్యాప్ మీద నుంచి తీయరు. హెడ్‌ఫోన్స్‌లో అడుగుల చప్పుడు విని ఏ గోడ వెనక ఎంతమంది ఉన్నారో చెప్పేస్తారు. నేనూ చెప్తాను. గ్రౌండ్‌లో మాత్రం నా పక్క నుంచి వెళ్లిన బూట్ల చప్పుడు విని కూడా కదల్లేదు. అక్కడ బంతి లేదు, ఇక్కడ ఉంది, అంతే తేడా.

2007లో వచ్చిన ఫిఫా 08లో 'బీ ఎ ప్రో' అనే మోడ్ పెట్టారు. అందులో ఒక్క ఆటగాడినే పట్టుకుని ఆడాలి, గుర్తు ఎగరదు. తర్వాత వచ్చిన గేముల్లో కూడా అలాంటివి ఉన్నాయి. కజిన్ దగ్గర అది పెట్టుకుని ఒకసారి డిఫెండర్‌గా ఆడాను. పది నిమిషాలకి విసుగొచ్చి మానేశాను. బంతి రాదు. ఊరికే నా చోటు నేను చూసుకుంటూ ముందుకీ వెనక్కీ పరిగెత్తడం. బోర్ అనిపించింది. ఆ బోర్ పేరే ఫుట్‌బాల్ అని అప్పుడు తెలీదు.

మొదటిసారి మొత్తం గ్రౌండ్ చూసింది 2024 సెప్టెంబర్ 3న, గచ్చిబౌలి స్టేడియంలో. ఇంటర్‌కాంటినెంటల్ కప్, ఇండియా, మారిషస్ మ్యాచ్. యూసుఫ్‌గూడలో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగి ఆటోలో వెళ్లాం. హైదరాబాద్ ఎఫ్‌సీకి 2022లో ఐఎస్‌ఎల్ కప్ తెచ్చిపెట్టిన మనోలో మార్కెజ్ ఇండియా కోచ్‌గా వచ్చిన మొదటి మ్యాచ్ అది. 0-0. మావాళ్లు టికెట్ డబ్బులు దండగ అన్నారు. అక్కడ గ్రౌండ్ చుట్టూ రన్నింగ్ ట్రాక్ ఉండటంతో స్టాండ్ దూరం, మొహాలు సరిగ్గా కనిపించవు. కానీ నాకు ఆ దూరమే నచ్చింది. బంతి ఒక మూల ఉంటే ఇటు మూల డిఫెండర్లు ఒకరికొకరు చేతులతో సైగలు చేసుకోవడం, ఒకడు రెండడుగులు ముందుకొస్తే నలుగురూ రావడం, మొత్తం లైన్ తాడు కట్టినట్టు కదలడం. ఇవన్నీ టీవీలో ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు అంత చూసి కూడా సెమీస్‌లో అలా నిలబడ్డానంటే, చూడటం వేరు, ఒంటికి పట్టడం వేరు.

కృష్ణానగర్ అన్నాను కదా. మా ఏరియాలో సినిమా చూసే పద్ధతి వేరే ఉంటుంది. తెల్లారకముందే షూటింగ్ బళ్లు ఎక్కే జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, అసిస్టెంట్లు, డ్యాన్సర్లు ఉండే చోటు ఇది. మా ఎదురు పోర్షన్ ఆంటీ టీవీలో సినిమా వస్తే హీరోని చూడదు. హీరో వెనక పెళ్లి పందిట్లో కూర్చున్నవాళ్లని చూస్తుంది. "అదిగో, ఆ ఆకుపచ్చ చీర, నేనే. ఆ రోజు ఎండకి కళ్లు తిరిగినయ్," అంటుంది. చిన్నప్పుడు నవ్వేవాళ్లం. హీరో డైలాగ్ అంతా పోయేది ఆమె మాటల్లో.

పై అంతస్తులో ఉండే అన్న ఫోకస్ పుల్లర్. సినిమాలో ఫోకస్ మార్చడానికే ఒక మనిషి ఉంటాడని చాలామందికి తెలీదు. కెమెరా నుంచి నటుడి కంటి దాకా టేపుతో కొలుస్తాడు, నేల మీద గుర్తులు పెట్టుకుంటాడు, నటుడు నడుస్తుంటే దూరం బట్టి రింగ్ తిప్పుతాడు. కొంచెం తేడా వచ్చినా మొహం మసకేస్తుంది, ఇంకో టేక్. సెమీస్ వీడియో గొడవ నడుస్తున్నప్పుడు మేడ మీద కూర్చుని అన్నకి ఇదంతా చెప్పాను. నీకు కళ్లు కెమెరాలోనే ఉంటాయి కదన్నా, ఎలా పట్టుకుంటావ్ అని అడిగితే, "కెమెరాలోకి నేనెందుకు చూస్తరా, అది ఆపరేటర్ చూసుకుంటడు. నేను మనిషిని చూస్త. ఇప్పుడు ఎక్కడున్నడు కాదు, నెక్స్ట్ అడుగు ఎటు వేస్తడు అని. వాడు వచ్చినంక తిప్పితే లేట్ అయినట్టే," అన్నాడు. అన్నకి ఫుట్‌బాల్ ఇష్టం లేదు, క్రికెట్ మనిషి. కానీ మా కోచ్ సార్ సీజన్ అంతా నాకు చెప్పబోయింది ఒక్క ముక్కలో చెప్పేశాడు.

ఇదే సంగతిని మన ఊళ్లోనే ఇంకొకాయన ఎప్పుడో పట్టుకున్నాడు. సయ్యద్ అబ్దుల్ రహీమ్. 2024లో 'మైదాన్' సినిమా వచ్చేదాకా నాకు ఆ పేరు తెలీదు, ఒప్పుకుంటున్నా. స్కూల్ టీచర్. ఆయన కోచింగ్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో ఇండియాకి గోల్డ్ వచ్చింది ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాని 4-2తో కొట్టి నాలుగో స్థానం. ఇవన్నీ ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. నాకు నచ్చింది వేరే ముక్క. ఆయన కుర్రాళ్ల కోసం డ్రిబ్లింగ్ చేయకూడదు అనే రూల్‌తో టోర్నమెంట్లు పెట్టేవాడట. ఆలోచించండి, బంతి నీ దగ్గర పెట్టుకునే వీల్లేదు, వచ్చిన వెంటనే ఇచ్చేయాలి. అప్పుడు గెలుపు దేని మీద ఆధారపడుతుంది? బంతి లేని మిగతా పది మంది ముందే సరైన చోటికి వెళ్లారా లేదా అన్నదాని మీద. అంటే చూపంతా బంతి మీద నుంచి లాగి వాళ్ల మీద పెట్టించాడన్నమాట, రూల్ ఒక్కటి మార్చి.

మా ఫ్రెండ్ ఒకడు ఇది చదివి, "బాబూ, బంతి లేనోణ్ణి చూడ్డానికి ఎవడొస్తాడ్రా మ్యాచ్‌కి," అన్నాడు. నిజమే. నేనూ గోల్ కోసమే వస్తాను. ఎవరినీ గోల్ చూడొద్దు అనట్లేదు. కానీ గోల్ చూసి ఒకడికి స్టిక్కర్ చేసేముందు, మిగతా పది మంది ఎక్కడున్నారు అని అడగొచ్చు కదా. ఫ్రేమ్‌లో పడ్డవాడు దొరికిపోతున్నాడు, పడనివాడు నాలాగా నవ్వుకుంటూ ఫార్వర్డ్ చేస్తున్నాడు.

స్పోర్ట్స్ కమిటీ వాళ్లకి ఒక రిక్వెస్ట్. వచ్చే టోర్నమెంట్‌లో ఒక ఫోన్‌ని లైబ్రరీ రెండో అంతస్తు కారిడార్లో స్టాండ్‌కి బిగించండి. అక్కడ నుంచి గ్రౌండ్ మొత్తం వస్తుంది, నేను వెళ్లి చూశాను, ఒక మూల వేపచెట్టు కొంచెం అడ్డం అంతే. జూమ్ వద్దు, తిప్పడం వద్దు, 90 నిమిషాలు అలాగే వదిలేయండి. రీల్స్‌కి పనికిరాదు, చూడటానికి చీమల్లా ఉంటాం. కానీ ఎవడు పరిగెత్తాడో ఎవడు నిలబడ్డాడో అందులో ఉంటుంది. ఎడిటింగ్ అవసరమైతే నేను చేస్తాను.

ఇది మ్యాగజైన్‌కి పంపేముందు మా లెఫ్ట్ బ్యాక్‌కి ఫోన్ చేశాను. సెమీస్ తర్వాత వాడు ప్రాక్టీస్‌కి రావట్లేదు. రెండుసార్లు కట్ చేశాడు, మూడోసారి ఎత్తాడు. ఆ గోల్ నాది, నా మనిషిని నేను వదిలేశాను, పేపర్ మీద రాస్తున్నాను అని చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "తెలుసు మామా. నువ్వు నిలబడింది నేను చూశా. ట్రాక్ అని అరిచా కూడా," అన్నాడు.

మరి గ్రూపులో ఎందుకు చెప్పలేదురా అంటే, వీడియోలో నువ్వు లేవుగా, ఎవడు నమ్ముతాడు అన్నాడు. ఆదివారం పొద్దున ఆరింటికి ప్రాక్టీస్ ఉంది రా అన్నాను. చూస్తాలే అన్నాడు.