పొద్దున్నే చతికిలపడే బండి

రాత్రి నిలబెట్టినప్పుడు ఠీవిగానే ఉంటుంది. తెల్లారేసరికి ముందు ఎడమ చక్రం మీదికి కుంగి, కాలు విరిగిన ఏనుగులా కనిపిస్తుంది. నోయిడాలో మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నెల రోజులు ఇదే దృశ్యం. బండి మా పక్క ఫ్లాట్‌లోని గుంటూరు అన్నయ్యది. 2012లో రిజిస్టరైన విదేశీ పెట్రోల్ ఎస్‌యూవీ. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా వచ్చిందని తెగ మురిసిపోయారు. ఎందుకంత చవకో ఆలస్యంగా తెలిసింది.

ఇలాంటి బండ్లలో ఉక్కు స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు తిత్తులుంటాయి. కంప్రెసర్ గాలి కొడుతుంది. వాల్వులు దాన్ని నాలుగు మూలలకూ పంచుతాయి. సెన్సర్లు ఎత్తు కొలిచి కంప్యూటర్‌కు చెబుతాయి. కొత్తలో గుంతల రోడ్డూ పట్టుపరుపే. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు మడతల దగ్గర పగుళ్లిస్తుంది. ఢిల్లీ ఎండా, చలీ, దుమ్మూ ఆ పనిని తొందరపెడతాయి.

మొదట వెళ్లిన వర్క్‌షాపులో కంప్యూటర్ తగిలించారు. కంప్రెసర్‌లో లోపమని చూపింది. కంప్రెసర్‌తోపాటు నాలుగు తిత్తులూ మార్చాలి, రెండున్నర లక్షలవుతుందన్నారు. అన్నయ్య ముఖం బండికన్నా కిందికి దిగిపోయింది.

కరోల్‌బాగ్‌లోని ఒక పాత మెకానిక్ మాత్రం టేపు తీశాడు. ఒక్కో చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా కొలిచి కాగితం మీద రాసుకున్నాడు. ‘‘రాత్రికి ఇక్కడే ఉండనివ్వండి సాబ్’’ అన్నాడు. పొద్దున మళ్లీ కొలిస్తే మూడు మూలలు కదల్లేదు, ఒక్కటే దిగింది. అక్కడ సబ్బు నీళ్లు చల్లితే తిత్తి మడతలో బుడగలు లేచాయి.

ఆయన లెక్క సూటిగా ఉంది. ఒక్క మూలే దిగితే ముందు ఆ తిత్తినీ, దాని గొట్టాన్నీ అనుమానించాలి. ముందు రెండు పక్కలా కలిసి దిగితే వాల్వుల పెట్టెనూ చూడాలి. బండి అసలు లేవకపోతే ఫ్యూజు, రిలే, కంప్రెసర్. గాలి నిలిచినా ఎత్తు తేడాగా ఉంటే సెన్సర్. లీకు ఉన్నంతకాలం కంప్రెసర్ విరామం లేకుండా తిరిగి వేడెక్కి చస్తుంది. లీకు వదిలేసి కంప్రెసర్ మారిస్తే కొత్తదీ అదే దారి పడుతుంది. మన బండి కంప్రెసర్ ఇంకా బతికే ఉందని తేల్చాడు. ముందు రెండు తిత్తులూ జతగా మార్చి, కంప్రెసర్ రిలే కొత్తది వేసి, గాలిలో తేమ పీల్చే డ్రైయర్‌ను చూశాడు. ఖర్చు మొదటి అంచనాలో మూడో వంతు కూడా కాలేదు. పని చేస్తున్నంతసేపూ బండిని ఇనుప స్టాండ్ల మీదే ఉంచాడు. గాలిని నమ్మి కింద దూరకూడదట.

మరమ్మతుకు ముందు అన్నయ్య అడిగిన ప్రశ్న వేరు. ‘‘2027లో పదిహేనేళ్లు నిండుతాయి. అప్పుడు తుక్కుకు ఇచ్చేయమంటే ఈ డబ్బంతా ఎందుకయ్యా?’’ ఆ భయం గాల్లోంచి పుట్టలేదు. రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లు తిరగరాదన్న నిషేధాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2025 జూలై 1న ఢిల్లీ బంకుల్లో వాటికి ఇంధనం ఆపేశారు. జనం మండిపడటంతో రోజుల్లోనే వెనక్కి తగ్గారు. ఆగస్టులో, వయసొక్కటే చూసి యజమానులపై కఠిన చర్యలొద్దని కోర్టు ఆదేశించింది. డిసెంబరులో ఆ రక్షణను బీఎస్-4, ఆపై ప్రమాణాల బండ్లకే పరిమితం చేసింది. అన్నయ్య బండి బీఎస్-4. అందుకే ధైర్యం చేశారు.

ఢిల్లీ గాలి పీల్చేవాళ్లెవరూ పొగబండ్లను వెనకేసుకురాలేరు. కానీ పుట్టిన తేదీ చూసి తీర్పివ్వడం, స్క్రీన్ మీది కోడ్ చూసి కంప్రెసర్ మార్చడం లాంటిదే. బీఎస్ ముద్ర కొంత మెరుగు. అయితే అది బండి తయారైన నాటి మాట, నేడు గొట్టంలోంచి వచ్చే పొగ లెక్క కాదు. శ్రద్ధగా చూసుకున్న పాత బండి, గాలికొదిలేసిన కొత్త బండి ఒకటెలా అవుతాయి? నిక్కచ్చిగా కొలిచే పొగ పరీక్ష కావాలి. అందులో తప్పిన బండి ఎంత కొత్తదైనా ఆగాలి.

అన్నయ్య ఇప్పుడు ఇంట్లో టేపు ఉంచుకున్నారు. ఆదివారం ఉదయం కొలుస్తారు. మొన్నటి కొలతలో నాలుగు మూలలూ సమానం.